సైకిల్ తొక్కుతుంటే టక్ టక్, కిర్రు కిర్రు: ఆ శబ్దం ఎక్కడిదో పట్టుకోవడం ఎలా?

"పెడల్ తొక్కినప్పుడల్లా టక్ మంటోంది. బీబీ పోయిందంటారా?"

బెంగళూరులో సైకిల్ మీద ఆఫీసుకు వెళ్ళే మన తెలుగువాళ్ళు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే. బీబీ అంటే బాటమ్ బ్రాకెట్. పెడల్స్‌ను పట్టుకునే రెండు కడ్డీలు (వాటినే క్రాంకులంటారు) తిరిగే ఇరుసు, దాని బేరింగులు అన్నమాట. మారతహళ్ళి నుంచి బెళ్ళందూరు దాకా సర్వీసు రోడ్డులో తొక్కేవాళ్ళు, ఆదివారం తెల్లవారుజామున నంది కొండకు వెళ్ళేవాళ్ళు, పిల్లల సైకిల్ పట్టుకుని మా అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్‌లో నా దగ్గరకొచ్చే అమ్మానాన్నలు, అందరిదీ ఇదే ప్రశ్న. అందరికీ నా జవాబు కూడా ఒకటే. బీబీ జోలికి ఇప్పుడే వెళ్ళకండి.

ఇలా చెప్పడానికి కారణం ఉంది. మూడేళ్ళ క్రితం నా సైకిల్‌కి ఇలాగే శబ్దం వస్తే షాపులో బీబీ మార్చారు. ఇంటికి తిరిగి వస్తుంటే మళ్ళీ అదే టక్. చివరికి చూస్తే కుడి పెడల్ మరల్లో గ్రీజు ఎండిపోయి, దుమ్ము చేరి ఉంది. పెడల్ విప్పి, తుడిచి, గ్రీజు రాసి బిగిస్తే పది నిమిషాల్లో పోయింది. బాగున్న బీబీ మాత్రం అప్పటికే చెత్తబుట్టలో ఉంది.

సైకిల్ ఫ్రేము లోపల బోలుగా ఉండే గొట్టం. అపార్ట్‌మెంట్‌లో ఒక ఫ్లోర్‌లో నీళ్ళ పైపు మీద కొడితే మూడు ఫ్లోర్ల కింద వినిపిస్తుంది కదా, ఇక్కడా అంతే. సీటు కింద పుట్టిన శబ్దం కాళ్ళ దగ్గర వినిపిస్తుంది. అందుకే చెవికి ఎక్కడ వినిపించిందన్నది నమ్మకండి. ఎప్పుడు వస్తోంది, ఎన్ని చుట్లకు ఒకసారి వస్తోంది అన్నది నమ్మండి.

ఏమేం కావాలి

- అలెన్ కీ సెట్. ముఖ్యంగా 4, 5, 6, 8 ఎంఎం. ఎస్‌జేపీ రోడ్డు హార్డ్‌వేర్ షాపుల్లో మంచివి దొరుకుతాయి. మరీ చవకవి కొంటే బోల్టు తల అరిగిపోతుంది.
- 15 ఎంఎం పానా. పెడల్‌కి, క్రాంక్‌కి మధ్య సందులో దూరేంత సన్నగా ఉండాలి.
- 12 అంగుళాల స్టీలు స్కేలు. చైను అరుగుదల కొలవడానికి.
- మామూలు లిథియం గ్రీజు, చైన్ లూబ్ (చైనుకు వేసే నూనె), పాత టూత్ బ్రష్, పాత బనియన్ గుడ్డలు.
- చైను కడగడానికి డీగ్రీజర్, అంటే జిడ్డు వదిలించే ద్రవం. అది లేకపోతే కొంచెం డీజిల్ లేదా కిరోసిన్. పెట్రోలు మాత్రం వద్దు, బేస్‌మెంట్‌లో అసలే వద్దు.
- ఒక కాగితం, పెన్ను. నవ్వకండి, ఇది నిజంగా కావాలి.

1. ముందు సైకిల్‌ని ఖాళీ చేయండి

నీళ్ళ సీసా, తాళం, ఫోన్ స్టాండు, సీటు కింద సంచి, అన్నీ తీసేయండి. జేబులో తాళాల గుత్తి కూడా. బూటు లేసు కొస క్రాంక్‌కి తగులుతోందేమో, గేరు కేబుల్ చివర బయటికి పొడుచుకొచ్చి పెడల్ తిరిగినప్పుడల్లా కొట్టుకుంటోందేమో చూడండి. సైడ్ స్టాండు వదులుగా ఉంటే గుంతల్లో అదీ శబ్దం చేస్తుంది. నా దగ్గరకొచ్చిన సైకిళ్ళలో చాలావాటికి సమస్య ఇక్కడే తేలిపోయింది.

2. నిశ్శబ్దంగా ఉన్న చోట తొక్కి వినండి

ఔటర్ రింగ్ రోడ్డు పక్కన ఏ శబ్దమూ పట్టుకోలేరు. మీ లేఅవుట్ లోపలి వీధిలో ఉదయం ఆరింటికి, లేదా వాహనాలను ఆపేసే ఆదివారం పొద్దున కబ్బన్ పార్కులో తొక్కండి. ఇయర్‌ఫోన్లు తీసేయండి. ఈ పరీక్షలు వరసగా చేసి, ఫలితం కాగితం మీద రాసుకోండి.

అ) తొక్కడం ఆపి, సైకిల్‌ని దాని వేగాన దాన్ని పోనివ్వండి. శబ్దం ఇంకా వస్తోందా? వస్తుంటే పెడల్, క్రాంక్, బీబీలు దాదాపు నిర్దోషులు. చక్రం, బ్రేకు, మడ్‌గార్డు వైపు చూడాలి. వెనక చక్రంలో వచ్చే సన్నని టికటిక మాత్రం ఫ్రీవీల్‌ది (తొక్కడం ఆపినా చక్రాన్ని తిరగనిచ్చే భాగం), అది ఉండాల్సిందే.

ఆ) లేచి నిలబడి తొక్కండి. కూర్చుంటే వచ్చి, నిలబడితే పోయే శబ్దం సీటుది, లేదా సీటును మోసే గొట్టానిది, అంటే సీటు పోస్టుది. నిలబడినప్పుడే వస్తుంటే హ్యాండిల్, దాన్ని పట్టుకునే ముక్క (స్టెమ్) మీద కూడా అనుమానం పెట్టండి. నంది కొండ ఎక్కేటప్పుడు మాత్రమే కిర్రుమంటోందని చెప్పేవాళ్ళు ఈ రెండూ విడివిడిగా చేసి చూడాలి.

ఇ) ఖాళీ వీధిలో కుడికాలితో మాత్రమే కొన్ని చుట్లు తొక్కండి, తర్వాత ఎడమకాలితో. ఒక్క కాలికే వస్తుంటే ముందు ఆ వైపు పెడల్, ఆ వైపు క్రాంక్ చూడాలి. ట్రాఫిక్ ఉన్నచోట ఈ పరీక్ష చేయకండి.

ఈ) గేరు మార్చండి. ఒక్క గేరులోనే వస్తే అది సర్దుబాటు సమస్య, లేదా ఆ పళ్ళ చక్రం అరిగింది. అన్ని గేర్లలోనూ వస్తే గేరుకు సంబంధం లేదు.

3. చుట్లు లెక్కపెట్టండి

ఈ పని దాదాపు ఎవరూ చేయరు. నా అనుభవంలో ఎక్కువ సమస్యలు దీంతోనే తేలతాయి. కుడి పెడల్ పైకి వచ్చినప్పుడల్లా "ఒకటి" అనుకుంటూ తొక్కండి.

- ప్రతి చుట్టుకూ ఒకసారి, ఎప్పుడూ ఒకే చోట: పెడల్, క్రాంక్, చైన్‌వీల్ (పెడల్స్ దగ్గర చైను ఎక్కే పళ్ళ చక్రం) బోల్టులు, లేదా చైన్‌వీల్‌లో ఒక పన్ను వంగడం.
- ప్రతి చుట్టుకూ రెండుసార్లు, రెండు కాళ్ళు నొక్కినప్పుడూ: బీబీ కావచ్చు, చైన్‌వీల్ బోల్టులు కావచ్చు, సీటు పోస్టు కూడా కావచ్చు.
- దాదాపు రెండున్నర నుంచి మూడున్నర చుట్లకు ఒకసారి: చైనులో ఒక లింకు బిగుసుకుంది. చైనులో 110కి పైగా లింకులుంటాయి, చైన్‌వీల్‌కి 40కి అటూఇటూగా పళ్ళు ఉంటాయి. చైను మొత్తం ఒకసారి తిరగాలంటే క్రాంక్ అన్నిసార్లు తిరగాలి మరి.
- వేగం పెరిగేకొద్దీ త్వరత్వరగా, పెడల్‌తో సంబంధం లేకుండా: చక్రాలు. స్పోకులు, హబ్ (చక్రం మధ్య భాగం), డిస్క్ రాపిడి, వెనక చక్రంలోనైతే క్యాసెట్ (పళ్ళ చక్రాల గుత్తి) కూడా.

4. చైను

ఆగకుండా కిచకిచ పిచ్చుకల్లా అరుస్తుంటే చైను ఎండిపోయింది. బెంగళూరులో ఇది రెండు రకాలుగా జరుగుతుంది. మెట్రో పనుల దుమ్ము నూనెను పీల్చేస్తుంది, లేదా జూన్ నుంచి అక్టోబరు దాకా వానలు కడిగేస్తాయి. మూడోది కూడా ఉంది. బేస్‌మెంట్‌లో కార్లు కడిగే అబ్బాయి సైకిల్ మీద కూడా పైపు పెట్టి నీళ్ళు కొడతాడు. ఆ నీళ్ళు బేరింగుల్లోకి దూరతాయి. మంచి మనసుతోనే చేస్తాడు, వద్దని నెమ్మదిగా చెప్పండి.

చైను కడగడం ఇలా: బ్రష్‌కి డీగ్రీజర్ రాసి చైను నాలుగు వైపులా రుద్దండి. గుడ్డలో పట్టుకుని పెడల్ వెనక్కి తిప్పండి, గుడ్డకు నల్లదనం తగ్గేదాకా. పూర్తిగా ఆరనివ్వండి. తర్వాత ఒక్కో రోలర్ మీద ఒక్కో చుక్క లూబ్. పెడల్‌ని ఇరవై ముప్ఫై చుట్లు వెనక్కి తిప్పి, వీలైతే రాత్రంతా వదిలేయండి. పొద్దున పొడిగుడ్డతో పైపైన బాగా తుడిచేయండి. నూనె లోపల ఉండాలి, పైన ఉంటే దుమ్ముకు అతుక్కుని గరుకు కాగితంలా చైనును అరగదీస్తుంది.

హెచ్చరిక: డిస్క్ బ్రేకు ఉంటే డిస్క్‌ను గుడ్డతో కప్పండి. డిస్క్ మీద నూనె చుక్క పడితే బ్రేకు పట్టదు, ప్యాడ్లు పాడవుతాయి. స్ప్రే డబ్బా వాడేవాళ్ళు మరీ జాగ్రత్త.

లూబ్ లేకపోతే కుట్టుమిషన్ నూనె కొన్నాళ్ళు పనిచేస్తుంది, కానీ త్వరగా ఆరిపోతుంది. కొబ్బరినూనె మాత్రం పోయకండి. అది 24 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది, డిసెంబరులో ఇక్కడి ఉదయాలు అంతకంటే చల్లగా ఉంటాయి. గడ్డకట్టని రోజుల్లో జిగురుగా మారి దుమ్మును పట్టుకుంటుంది. వాడేసిన ఇంజిన్ ఆయిల్‌లో సన్నని లోహపు పొడి ఉంటుంది, అదీ వద్దు.

బిగుసుకున్న లింకు కోసం సైకిల్ పక్కన కూర్చుని పెడల్‌ను మెల్లగా వెనక్కి తిప్పుతూ, వెనక డీరైలర్‌లోని (గేరు మార్చినప్పుడు చైనును ఒక పళ్ళ చక్రం నుంచి ఇంకోదానికి జరిపే భాగం) చిన్న పుల్లీల మధ్య చూడండి. ఒక లింకు దాటేటప్పుడు డీరైలర్ చిన్నగా ఎగురుతుంది. ఆ లింకుకు సుద్దముక్కతో గుర్తు పెట్టండి. ఒక చుక్క నూనె వేసి, రెండు చేతుల్తో ఆ లింకుకు అటూఇటూ పట్టుకుని పక్కలకు మెల్లగా వంచండి. రెండుమూడుసార్లు చాలు. తుప్పు పట్టిన లింకైతే ఇలా వదులైనా మళ్ళీ బిగుసుకుంటుంది, అప్పుడు చైను మార్చడమే మంచిది.

అరుగుదల కూడా ఇప్పుడే కొలవండి. స్కేలు సున్నాను ఒక పిన్ను మధ్యలో పెట్టండి. కొత్త చైనులో 24 లింకుల తర్వాత వచ్చే పిన్ను మధ్యభాగం సరిగ్గా 12 అంగుళాల గీత మీద ఉంటుంది. గీత దాటి అంగుళంలో పదహారో వంతు ముందుకు పోయిందంటే చైను మార్చే సమయం వచ్చినట్టే. ఎనిమిదో వంతు దాకా పోయిందంటే వెనక పళ్ళ చక్రాలు కూడా అరిగి ఉంటాయి. అలాంటప్పుడు చైను ఒక్కటే మారిస్తే గట్టిగా తొక్కినప్పుడు చైను పళ్ళ మీద నుంచి జారి "ఢక్" మంటుంది. కొత్త చైను పాడైందని షాపువాళ్ళతో గొడవ పడేవాళ్ళను చూశాను. తప్పు చైనుది కాదు.

5. పెడల్, క్రాంక్

టక్ టక్ అనే శబ్దానికి నేను మొదట చూసేది ఇక్కడే.

పెడల్ విప్పాలంటే ఒక సంగతి గుర్తుంచుకోవాలి. ఎడమ పెడల్ మర తిరగేసి ఉంటుంది. అయోమయం లేకుండా ఉండాలంటే ఇలా చేయండి. పానాను పెడల్ ఇరుసుకు తగిలించి, దాని పిడి పైకి ఉండేలా పెట్టండి. పిడిని వెనక చక్రం వైపు లాగితే ఊడుతుంది, ముందు చక్రం వైపు తోస్తే బిగుస్తుంది. రెండు పెడల్స్‌కీ ఇదే సూత్రం. విప్పేటప్పుడు చైను పెద్ద చైన్‌వీల్ మీద ఉంటే, చెయ్యి జారినా పళ్ళు వేళ్ళకు గుచ్చుకోవు.

విప్పాక మరలు, క్రాంక్ రంధ్రం లోపల తుడవండి. మరలకు పల్చగా గ్రీజు రాయండి. మొదటి నాలుగైదు చుట్లు తప్పకుండా చేత్తోనే తిప్పండి. వంకరగా పట్టిన పెడల్‌ను పానాతో బలంగా తిప్పితే అల్యూమినియం క్రాంక్ మర తెగిపోతుంది. పెడల్ విప్పినప్పుడే దాని ఇరుసును వేళ్ళతో తిప్పి చూడండి. గరగరలాడుతుంటే లోపల గోళీలు ఎండిపోయాయి.

తర్వాత క్రాంక్. రెండు క్రాంకుల కొసలు రెండు చేతుల్తో పట్టుకుని, ఫ్రేము వైపుకి తోసి బయటికి లాగండి. రెండూ కలిసి కదిలితే లూజు బీబీలో ఉంది. ఒక్కటే కదిలితే ఆ క్రాంక్ వదులైంది.

హెచ్చరిక: క్రాంక్ వదులుగా ఉందని తెలిశాక ఒక్క కిలోమీటరు కూడా తొక్కకండి. నలుచదరపు ఇరుసు మీద కూర్చునే క్రాంకుల్లో అల్యూమినియం రంధ్రం ఇనుప ఇరుసుకు రుద్దుకుని గుండ్రంగా అరిగిపోతుంది. ఆ తర్వాత ఎంత బిగించినా నాలుగు రోజుల్లో మళ్ళీ వదులవుతుంది, క్రాంక్ మార్చక తప్పదు. ఈ రకానికి 8 ఎంఎం అలెన్ కీతో గట్టిగా బిగించాలి. లోపల బోలు ఇరుసు ఉండే రకానికి ఎడమ క్రాంక్ మీద రెండు చిన్న 5 ఎంఎం బోల్టులు ఉంటాయి. ఒకదాన్ని పూర్తిగా బిగించి రెండోదానికి వెళ్ళకండి. ఒక్కోసారి కొంచెం కొంచెంగా, మార్చి మార్చి బిగించండి. వాటికి 12 నుంచి 14 న్యూటన్ మీటర్ల (బిగువు కొలత) బిగింపు చాలు.

చైన్‌వీల్ బోల్టులను కూడా ఒక్కొక్కటి ముట్టుకుని చూడండి. చవక సైకిళ్ళలో ఇవి బోల్టులు కావు, రివెట్లు. రివెట్ వదులైతే క్రాంక్‌సెట్ మార్చాలి.

6. గేరు సర్దుబాటు

ఒకటి రెండు గేర్లలోనే టికటికమంటుంటే కేబుల్ బిగువు చూడాలి. వెనక డీరైలర్ దగ్గర, కేబుల్ లోపలికి వెళ్ళేచోట చేత్తో తిప్పే చిన్న మర ఉంటుంది. కొన్నింటిలో అది హ్యాండిల్ మీద గేరు మార్చే షిఫ్టర్ దగ్గర ఉంటుంది. చైను పెద్ద పళ్ళ చక్రం ఎక్కడానికి మొరాయిస్తుంటే దాన్ని అపసవ్యంగా పావు చుట్టు తిప్పండి. ఉన్న చక్రం మీద కుదురుగా ఉండక, పక్కనున్న పెద్ద చక్రానికి రాసుకుంటుంటే సవ్యంగా పావు చుట్టు. ప్రతి పావు చుట్టుకూ తొక్కి వినండి. ఒకేసారి రెండు చుట్లు తిప్పేస్తే ఎక్కడ మొదలుపెట్టారో మీకే తెలియదు.

డీరైలర్ మీద హెచ్, ఎల్ అని రాసున్న రెండు స్క్రూలను ఈ శబ్దం కోసం తిప్పకండి. ఎల్ స్క్రూ తప్పుగా వదులైతే డీరైలర్ స్పోకుల్లోకి పోయి చక్రం, డీరైలర్ రెండూ విరుగుతాయి.

ఎంత తిప్పినా కొన్ని గేర్లు కుదిరి, కొన్ని కుదరకపోతే సైకిల్ వెనక నిలబడి చూడండి. డీరైలర్ పళ్ళ చక్రానికి సమాంతరంగా నిలువుగా వేలాడాలి. లోపలికి వంగి ఉంటే దాన్ని పట్టుకునే హ్యాంగర్ వంగింది. బేస్‌మెంట్‌లో సైకిల్ కుడివైపు పడిపోతే చాలు, ఇది వంగుతుంది. నిటారు చేయడానికి ప్రత్యేకమైన పరికరం కావాలి, అది షాపు పని.

పుల్లీలు కిచకిచమంటే ఒక్కోదానికి ఒక చుక్క. ముందు పెద్ద పళ్ళ చక్రం, వెనక కూడా పెద్ద పళ్ళ చక్రం పెట్టి తొక్కితే వచ్చే రాపిడి లోపం కాదు, గేరు మార్చండి.

7. సీటు పోస్టు

రెండో దశలో దీని మీద అనుమానం వచ్చిందా? ఎత్తు గుర్తుకు పోస్టు మీద టేపు అంటించి, బయటికి లాగి, పోస్టునూ గొట్టం లోపలినీ తుడిచి, గ్రీజు రాసి, అదే ఎత్తులో పెట్టండి. పోస్టు కానీ ఫ్రేము కానీ కార్బన్‌దైతే గ్రీజు రాయకూడదు, దానికి వేరే పేస్టు ఉంటుంది. సీటు కింద బోల్టు కూడా విప్పి తుడిచి బిగించండి. వెనక చక్రాన్ని బిగించే లివర్ (క్విక్ రిలీజ్) వదులైనా సరిగ్గా ఇలాంటి శబ్దమే వస్తుంది.

8. ఇప్పుడు బీబీ

ఇవన్నీ అయ్యాక కూడా శబ్దం ఉంటే బీబీ చూడండి. చైనును చైన్‌వీల్ మీద నుంచి తప్పించి, బీబీ గొట్టం మీద ఆనించి ఉంచండి. ఒక చేత్తో క్రాంక్ తిప్పుతూ, రెండో చేతి వేళ్ళను సీటు గొట్టం మీద తేలిగ్గా ఆనించండి. బాగున్న బేరింగు నున్నగా తిరుగుతుంది. పోయిన బేరింగు గరగర వేళ్ళకు తెలుస్తుంది, చెవికంటే వేళ్ళే బాగా చెబుతాయి. లూజు లేకుండా, గరగర లేకుండా ఉంటే బీబీ మార్చకండి. ఫ్రేములోకి బిగుసుకునే దాని కప్పుల మరలు ఎండిపోయి ఉండొచ్చు, విప్పి తుడిచి గ్రీజు రాసి బిగిస్తే సరిపోతుంది. మీరే విప్పేట్లయితే, మామూలు మరల బీబీలో తిరగేసిన మర కుడివైపుది. పెడల్స్‌కి వ్యతిరేకం అన్నమాట.

గేర్లు లేని మామూలు సైకిల్ అయితే

ఊళ్ళో మన నాన్నలు తొక్కిన రకం సైకిళ్ళు ఇక్కడ పాలవాళ్ళ దగ్గర, వాచ్‌మన్ల దగ్గర ఇంకా ఉన్నాయి. వీటిలో పెడల్ నొక్కినప్పుడు టక్‌మని కొంచెం జారినట్టు అనిపిస్తే క్రాంక్‌ను ఇరుసుకు పట్టి ఉంచే పిన్ను, అంటే కాటర్ పిన్ అరిగింది. నట్టు బిగించి సరిపెట్టుకోవద్దు. కొత్త పిన్ను చవక. క్రాంక్ కింద గట్టి ఆధారం పెట్టి, సుత్తితో పిన్నును లోపలికి దింపి, ఆ తర్వాతే నట్టు బిగించాలి. ఆధారం లేకుండా కొడితే లోపలి గోళీలు, కప్పులు దెబ్బతింటాయి.

చైను కవర్‌లో గలగలమంటే చైను సాగింది. కింది వరస మధ్యలో వేలితో పైకీ కిందికీ కదిపితే మొత్తం అర అంగుళం కదలాలి. ఎక్కువైతే వెనక చక్రాన్ని కొంచెం వెనక్కి జరిపి బిగించండి. మరీ బిగువుగా పెడితే బేరింగులు అరుగుతాయి.

ఎక్కువమంది చేసే తప్పులు

ఒకేసారి పెడల్ బిగించి, నూనె పోసి, సీటు సర్దేస్తారు. శబ్దం పోతుంది, దేనివల్ల పోయిందో తెలియదు. నెల తర్వాత మళ్ళీ వస్తే మొదటికే. ఒకసారికి ఒకే పని చేయండి.

శబ్దం వస్తే బోల్టు ఇంకా బిగించాలనుకుంటారు. చాలాసార్లు కావలసింది బిగువు కాదు, విప్పి తుడిచి గ్రీజు రాయడం. ఎండిన మరను ఎంత బిగించినా అరుస్తుంది, అతిగా బిగిస్తే తెగుతుంది.

ఎక్కడ శబ్దం వస్తే అక్కడ నూనె కొడతారు. స్ప్రే నూనె బేరింగు లోపలి గ్రీజును కరిగించి బయటికి తెస్తుంది. రెండు రోజులు నిశ్శబ్దంగా ఉండి, ఆ తర్వాత బేరింగే పోతుంది.

పోయిందో లేదో చూసుకోవడం

స్టాండు మీద పెట్టి పెడల్ తిప్పితే శబ్దం రాలేదని సంతోషపడకండి. బరువు పడితేనే వచ్చే శబ్దాలు చాలా ఉంటాయి. మొదట విన్న వీధిలోనే, అదే గేరులో, అదే బరువుతో తొక్కండి. ఫ్లైఓవర్ ఎక్కడమో, చిన్న చడావు ఎక్కడమో కూడా చేయండి. తర్వాత సీసా, సంచి ఒక్కొక్కటీ తిరిగి తగిలించి మళ్ళీ వినండి. విప్పి బిగించిన పెడల్, క్రాంక్ బోల్టులను నలభై యాభై కిలోమీటర్ల తర్వాత ఒకసారి తప్పక పరీక్షించండి. ఒక వాన తర్వాత కూడా వినండి. సీటు పోస్టు శబ్దం వాన తర్వాతే తిరిగి వస్తుంది.

తుడిచేటప్పుడు ఫ్రేము అతుకుల దగ్గర, ముఖ్యంగా బీబీ చుట్టూ, సీటు పోస్టు దిగే చోట, వెనక చక్రం కూర్చునే చోట పెయింటులో వెంట్రుకంత గీత కనబడితే గోటితో గీరి చూడండి. గోరు పట్టుకుంటే ఆ సైకిల్ ఎక్కకండి, నడిపించుకుంటూ షాపుకు తీసుకెళ్ళండి.

షాపుకు వెళ్ళాల్సి వస్తే "సౌండ్ బర్తిదె" (శబ్దం వస్తోంది) అని మాత్రం చెప్పి వదిలేయకండి. మీ కాగితం చూపించండి. కూర్చుని తొక్కినా నిలబడి తొక్కినా వస్తోంది, ఎడమకాలికే వస్తోంది, చుట్టుకు ఒకసారి వస్తోంది, పెడల్ విప్పి గ్రీజు రాశాను అయినా పోలేదు, అని చెప్పండి. ఇక్కడి మెకానిక్‌లలో తెలుగు అర్థమయ్యేవాళ్ళు చాలామంది. ఇంత చెబితే అతను ఎడమ క్రాంక్ దగ్గర మొదలుపెడతాడు. ఏదైనా భాగం మారిస్తే పాతది అడిగి తీసుకోండి, చేత్తో తిప్పి చూడండి.